థీమ్ పార్కు ముంగిలి: వీధి, కప్పు, చౌక్, ప్రయాణం... ఏది ఎవరికి కుదురుతుంది?

2001 ఫిబ్రవరి 8న కాలిఫోర్నియాలోని ఆనహైమ్‌లో, పాత డిస్నీల్యాండ్ గేటుకు ఎదురుగా డిస్నీ సంస్థ రెండో పార్కు తెరిచింది. పేరు కాలిఫోర్నియా అడ్వెంచర్. వాకిట్లో రాష్ట్రం పేరును ఒక్కో అక్షరం మనిషిని మించిన ఎత్తున నిలబెట్టారు. దాని వెనక గోల్డెన్ గేట్ వంతెనకు చిన్న నకలు, దాని మీదుగా పోయే మోనోరైలు, అది దాటితే సన్‌షైన్ ప్లాజా అనే విశాలమైన జాగా, అందులో టైటానియంతో చేసిన పెద్ద సూర్యుడు. మొత్తం కలిసి పిక్చర్ పోస్టుకార్డులోకి నడిచి వెళ్తున్నట్టు ఉండాలని ఆలోచన. తమాషా ఏమిటంటే, సూర్యుడి బొమ్మ ముఖం మీద ఎండ నేరుగా పడలేదు. అద్దాలు పెట్టి ఎండను దాని మీదికి మళ్లించాల్సి వచ్చింది.

2007లో ఆ పార్కును వంద కోట్ల డాలర్లకు పైగా ఖర్చుతో తిరగరాస్తామని ప్రకటించారు. 2012 జూన్ 15న పాత ముంగిలి స్థానంలో బ్యూనా విస్టా స్ట్రీట్ వచ్చింది. 1920ల నాటి లాస్ ఏంజిలిస్ వీధి, అందులో ఎర్ర ట్రాలీ బండి, కొసన కార్తే సర్కిల్ థియేటర్ గోపురం. అక్షరాలు శాక్రమెంటోలోని రాష్ట్ర ప్రదర్శన మైదానానికి చేరాయి. ఆ పార్కులో మొదట్నుంచీ రైడ్లు తక్కువన్న మాట కూడా నిజమే, నెపమంతా వాకిలి మీద వేయలేం. అయినా రైడ్లు పెంచి ఊరుకోకుండా వాకిలిని కూడా కూల్చి కట్టుకున్నారంటే, మొదటి చూపు ఎంత ఖరీదైనదో వాళ్లకు అర్థమైందన్నమాట.

మన దగ్గర పార్కో, వాటర్ పార్కో, రిసార్టో పెట్టేవాళ్లు ప్లాను దగ్గర మొదట అడిగేది ఆర్చి ఎంత ఎత్తు పెడదామని. మా సలహా దీనికి తలకిందులు. ఆర్చి ఆఖర్న. ముందు తేల్చుకోవాల్సినవి మూడు: జనం ఎలా వస్తారు, ఎండావానా నుంచి వాళ్లను ఏది కాస్తుంది, లోపలికి అడుగు పెట్టగానే కంటికి ఏది ఆనుతుంది. వీటికి జవాబులు దొరికితే కింద చెప్పే నాలుగు పద్ధతుల్లో మీది ఏదో దానంతట అదే తేలిపోతుంది.

వచ్చే మనిషి స్థితి ఒక్కసారి తలుచుకోండి. ఖమ్మం నుంచో కర్నూలు నుంచో మూడు నాలుగు గంటలు కారులో కూర్చుని వచ్చారు. చంకలో పిల్లాడు, భుజాన బ్యాగు, ఫోన్లో టికెట్, నెత్తిన పదకొండు గంటల ఎండ. ఆ క్షణాన వాళ్లకు కావాల్సింది మీ ఇతివృత్తం కాదు, టాయిలెట్. అందుకే టికెట్ గేటుకు బయట ఒక టాయిలెట్ల వరస, లోపల ఇంకో వరస ఉండాలి. బయట కట్టడం దండగని మానేసిన చోట జనం గేటు దగ్గర సిబ్బందిని బతిమాలుతూ నిలబడతారు. అదే వాళ్ల మొదటి జ్ఞాపకం అవుతుంది.

వీధి

1955 జులై 17న తెరిచిన డిస్నీల్యాండ్ దీనికి మూలపాఠం. పార్కు చుట్టూ మట్టికట్ట పోసి, దాని మీద చిన్న రైలు నడిపారు. గేటు దాటినవాళ్లకు ఎదురుగా రైల్వే స్టేషన్, దానికి అటూ ఇటూ రెండు సొరంగ దారులు. సొరంగంలోకి దిగి బయటికి వచ్చేసరికి పార్కింగు స్థలం, రోడ్డు, కరెంటు స్తంభాలు అన్నీ కట్ట వెనక మాయం. ఆ తర్వాత చిన్న చౌరస్తా, మెయిన్ స్ట్రీట్ అనే అంగళ్ల వీధి, వీధి కొసన కోట. కోట ఎత్తు 77 అడుగులే, మన ఊళ్లలో ఏడంతస్తుల అపార్టుమెంటు అంత. పెద్దదిగా కనిపించడానికి కారణం అక్కడికి తీసుకెళ్లే వీధి. రెండు వైపులా భవనాల పై అంతస్తులు కింది అంతస్తులకన్నా చిన్న కొలతల్లో ఉంటాయి. కన్ను వాటిని మామూలు అంతస్తులే అనుకుని ఎత్తును ఎక్కువ చేసి చూస్తుంది. దూరం నుంచి జనాన్ని లాగే ఇలాంటి కట్టడాన్ని వాల్ట్ డిస్నీ 'వీనీ' అనేవాడు, కుక్కకు చూపించి వెంట తిప్పుకునే సాసేజ్ ముక్క అన్న అర్థంలో.

మనకిది కొత్తేమీ కాదు. హంపిలో విరూపాక్షుడి గుడి ముందు రథవీధి, అటూ ఇటూ రాతి మండపాల అంగళ్లు, కొసన గోపురం. పేర్లు వేరు, సూత్రం అదే: వీధి దారి చూపిస్తుంది, గోపురం పిలుస్తుంది.

కొలతల సంగతికొస్తే, వీధి వెడల్పు 12 మీటర్లయితే రెండు పక్కలా కట్టడాలు 8 నుంచి 10 మీటర్ల ఎత్తుండాలి. అంతకు తగ్గితే వీధి లేఅవుట్ రోడ్డులా బోసిపోతుంది. కింది అంతస్తు 3.6 మీటర్లయితే దాని మీదిది 2.9, ఆ పైది 2.3 మీటర్లు వేసుకుంటే కంటికి ఆ మాయ పడుతుంది. ఒక్కో అంతస్తు దాని కింది దాంట్లో ఎనభై శాతమన్న లెక్క. ఈ మాయను చెడగొట్టేవి మన దగ్గర మూడు. పై కిటికీలో మనిషి నిలబడటం మొదటిది, తల చౌకట్టుకు తగులుతుంటే గుట్టు రట్టవుతుంది. ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు రెండోది, వాటి సైజు అందరికీ తెలుసు కాబట్టి పక్కనున్న కిటికీ బొమ్మరిల్లులా కనిపిస్తుంది. మూడోది ఫ్లెక్సీ. ఈ మూడోదాన్ని ఆపడం మొదటి రెండిటికన్నా కష్టం.

వీధికి అసలు లాభం సాయంత్రం తెలుస్తుంది. పొద్దున జనం అంగళ్ల వైపు చూడకుండా కోట వైపు పోతారు. వెళ్లేటప్పుడు అదే దారిన వస్తూ టోపీ, బొమ్మ, చాక్లెట్ కొంటారు. ఇబ్బంది కూడా సాయంత్రమే. ఊరేగింపు అదే వీధిలో, ఇంటికి పోయేవాళ్లూ అదే వీధిలో. 1992 ఏప్రిల్ 12న తెరిచిన ప్యారిస్ డిస్నీ పార్కులో దీనికి చక్కని విరుగుడు వేశారు. మెయిన్ స్ట్రీట్ అంగళ్ల వెనక, రెండు వైపులా వీధి పొడవునా కప్పున్న నడవాలు కట్టారు. వాన పడ్డా, వీధిలో ఊరేగింపు ఆగినా జనం వాటిలోంచి కదులుతూనే ఉంటారు. తెలుగు ప్రాంతంలో వీధి పద్ధతి ఎంచుకునేవాళ్లు కాపీ కొట్టదలిస్తే ఆనహైమ్‌ను కాక ప్యారిస్‌ను కొట్టాలి. ఎందుకంటే పిల్లలతో నడిచే కుటుంబం సెకనుకు 0.8 మీటరుకు మించి వెళ్లదు. 150 మీటర్ల వీధంటే మూడు నిమిషాలకు పైమాట. మే నెలలో నీడ లేని మూడు నిమిషాలంటే పసిపిల్ల ఏడుపు ఖాయం. షాంఘైలో 2016లో తెరిచిన డిస్నీ పార్కుకైతే మెయిన్ స్ట్రీటే పెట్టలేదు. మిక్కీ అవెన్యూ అనే పొట్టి దారితో సరిపెట్టి, స్థలమంతా దాని వెనక తోటకు ఇచ్చారు.

కప్పు

టోక్యో డిస్నీల్యాండ్ 1983 ఏప్రిల్ 15న తెరుచుకుంది. అక్కడి వానల్ని, చలిని దృష్టిలో పెట్టుకుని మెయిన్ స్ట్రీట్ స్థానంలో వరల్డ్ బజార్ పెట్టి, వీధి మొత్తం మీద గాజు కప్పు వేశారు. ఎంత వాన పడుతున్నా జనం తడవకుండా లోపలికి వచ్చి, కప్పు అంచు దగ్గర నిలబడి కోటను చూస్తారు.

ఐడియా మనకు బాగా సరిపోతుంది, గాజు సరిపోదు. హైదరాబాద్ ఎండలో గాజు కప్పు కింద గాలి ఉడుకుతుంది. ఇన్సులేషన్ ఉన్న రేకు కప్పు, వెలుతురుకు ఉత్తరం వైపు చీలికలు, కొప్పు పొడవునా వేడిగాలి పోయే ఖాళీ, పక్కలు పూర్తిగా బార్లా. ఎత్తు 8 మీటర్లకు తగ్గకూడదు. తగ్గితే బస్‌స్టాండు షెడ్డు గుర్తొస్తుంది, ఆ తర్వాత ఎన్ని బొమ్మలు వేలాడదీసినా ఆ భావన పోదు. రేకు కింద 50 మిల్లీమీటర్ల రాక్‌వూల్ (రాతి నారతో చేసిన పరుపు) వేయకపోతే జడివానలో టికెట్ కౌంటర్లో మాట వినపడదు.

నీటి లెక్క చాలామంది వదిలేస్తారు. గంటకు 100 మిల్లీమీటర్ల వాన వెయ్యి చదరపు మీటర్ల కప్పు మీద పడితే గంటకు లక్ష లీటర్లు, అంటే సెకనుకు దాదాపు 28 లీటర్లు. సన్నని గట్టరు పొంగితే ఆ నీరు దూకేది కప్పు అంచున, సరిగ్గా జనం కారులోంచి దిగి పరుగెత్తుకొచ్చే చోట. గట్టరు వాలును వెనక వైపుకు ఇచ్చి, దింపుడు గొట్టాలు నేరుగా భూమిలోని కాలువలో కలిసేలా చూడండి. ప్రతి గొట్టం దగ్గరా పొంగితే పోయే రెండో దారి ఉండాలి, ఎండాకులతో మూసుకుపోయే రోజు తప్పక వస్తుంది.

కోస్తాలో కట్టేవాళ్లకు ఇంకో మాట. కట్టడాల మీద గాలి ఒత్తిడికి వాడే భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో హైదరాబాద్‌కు మూల గాలి వేగం సెకనుకు 44 మీటర్లు, విశాఖపట్నానికి 50. తేడా ఆరే కదా అనిపిస్తుంది, కానీ ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే దాదాపు 29 శాతం ఎక్కువ. పక్కలు తెరిచి ఉన్న కప్పును గాలి కింది నుంచి పైకి ఎత్తుతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను ఏం చేసిందో చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. హైదరాబాద్‌లో వేసిన డ్రాయింగునే వైజాగుకు పంపడం ప్రమాదం.

కప్పుకున్న అసలు లోటు కంటికి సంబంధించింది. అది ఆకాశాన్ని మూసేస్తుంది, దాంతో లోపలి పెద్ద కట్టడం గేటు దగ్గర కనపడదు. దీన్ని లోటుగానే వదిలేస్తే లోటు, వాడుకుంటే లాభం. కప్పును కాస్త చీకటిగా ఉంచి, కొసన వెలుతురున్న చట్రంలో మీ పెద్ద చక్రమో, కోటో, జలపాతమో సరిగ్గా మధ్యలో కనిపించేలా గురి పెట్టండి. గురి రెండు మీటర్లు తప్పినా చూసేవాడికి ఏదో వంకర అనిపిస్తుంది. ఎందుకో చెప్పలేడు. ఇక పావురాలు. ట్రస్సుల (కప్పును మోసే చట్రాల) మీద వల ముందే బిగించండి. రెట్టలు పడ్డాక పెట్టే వల ఎప్పుడూ ఆలస్యమే.

నెదర్లాండ్స్‌లోని ఎఫ్టెలింగ్ పార్కు 1996లో చేసిన పని ఇక్కడే చెప్పుకోవాలి. మొనలు తేలిన బ్రహ్మాండమైన గడ్డి కప్పును వాకిలిగా కట్టి, టికెట్ గేట్లన్నీ దాని కింద పెట్టారు. ఆర్చి లేదు, కప్పే గుర్తు. దూరం నుంచి చూస్తే పార్కు ఏదో తెలుస్తుంది, దగ్గరికొస్తే నీడ. ఆర్చికి పెట్టే డబ్బు నీడనివ్వదు, కప్పుకు పెట్టే డబ్బు ఆర్చి పని కూడా చేస్తుంది. మధ్యరకం బడ్జెట్ ఉన్నవాళ్లకు మేం మొదట చెప్పేది ఇదే.

చౌక్

మధ్యలో ఒక పెద్ద గుర్తు, చుట్టూ ఖాళీ. యూనివర్సల్ పార్కుల ముందు తిరిగే భూగోళం అందరికీ తెలిసిన ఉదాహరణ. అమెరికాలో ఒహాయో రాష్ట్రపు కింగ్స్ ఐలండ్‌లో 1972 నుంచి ఫౌంటెన్ల వెనక ఐఫిల్ టవర్ మూడో వంతు నకలు నిలబడి ఉంది. కట్టడం ఖర్చు తక్కువ, జనం ఎక్కువైనా పడతారు, పండగ రోజుల్లో స్టేజీ వేసుకోవచ్చు. మన ప్రమోటర్లకు అందుకే ఇష్టం.

చౌక్‌ను చెడగొట్టేది ఖాళీని భరించలేకపోవడం. ఫ్లోరిడాలోని డిస్నీ పార్కు ఎప్కాట్ 1982లో తెరిచినప్పుడు గేటు లోపల ఫౌంటెన్, దాని వెనక 180 అడుగుల గుండ్రటి స్పేస్‌షిప్ ఎర్త్. 1999లో అదే దారికి రెండు పక్కలా సందర్శకుల ఫొటోలు చెక్కిన లోహపు పలకల కోసం పెద్ద పెద్ద గ్రానైట్ బండలు నిలిపారు. డబ్బు కట్టినవాళ్ల మొహాలు వాటి మీద పడ్డాయి గానీ, వేడుక స్థలానికి శ్మశానం పోలిక వచ్చిందన్న మాట చాలాకాలం నలిగింది. 2019లో వాటిని తీయడం మొదలుపెట్టి, పలకల్ని గేటు బయటికి మార్చి, మళ్లీ ఫౌంటెన్ పెట్టారు. మీ చౌక్ ఖాళీగా కనిపిస్తోందని మొదటి ఏడాదే స్పాన్సర్ స్టాండు, కారు ప్రదర్శన, క్రెడిట్ కార్డు టేబులు వచ్చి చేరతాయి. పెద్ద గుర్తుకూ గేటుకూ మధ్య ఏదీ పెట్టరాదని నేల మీద గీత గీసి, ఆ గీతను అద్దె ఒప్పందాల్లో కూడా రాయండి.

ఫొటో సంగతి కూడా కొలిచి పెట్టుకోవాలి. 6 మీటర్ల బొమ్మ, దాని ముందు నిలబడ్డ మనుషులు, మొత్తం ఫోన్లో పడాలంటే తీసేవాడు కనీసం 8 మీటర్లు వెనక్కి జరగాలి. ఆ 8 మీటర్లు జనం నడిచే దారిలో పడితే ప్రతి నిమిషం ఒకరు ఆగుతారు, వెనకవాళ్లు పక్కకు తప్పుకుంటారు, గేటు దాకా తొక్కిడి. అందుకని బొమ్మను నడక దారికి పక్కన, ఫొటో జాగాతో సహా విడిగా పెట్టాలి.

దిక్కు మరీ ముఖ్యం. మనవాళ్లు గేటులోకి వచ్చేది ఉదయం పది పన్నెండు మధ్య. ఏడాదిలో ఎక్కువ నెలలు ఆ వేళ సూర్యుడు తూర్పు, ఆగ్నేయాల్లో ఉంటాడు. బొమ్మ ముఖం తూర్పుకో ఆగ్నేయానికో ఉంటే ఫొటోలో ముఖాలు వెలుగుతాయి. పడమరకో ఉత్తరానికో తిప్పితే తెల్లటి ఆకాశం ముందు నల్లటి ఆకారాలు మిగులుతాయి. కాలిఫోర్నియా సూర్యుడికి పట్టిన గతి అదే, మనకు అద్దాలు పెట్టి సరిచేసే బడ్జెట్ ఉండదు.

నేల కూడా చౌక్‌లోనే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. డిస్నీల్యాండ్ తెరిచిన రోజు ఎండకు కొత్తగా వేసిన తారు మెత్తబడి ఆడవాళ్ల హీల్సు దిగబడ్డాయి. ప్లంబర్ల సమ్మె వల్ల తాగునీటి కొళాయిలు చాలావరకు పనిచేయలేదు, పైగా దొంగ ఆహ్వానాలతో అనుకున్నదానికన్నా ఎక్కువమంది వచ్చారు. ఆ రోజు గురించి ఇప్పటికీ చెప్పుకునేది తారు గురించి, నీళ్ల గురించి. మన దగ్గర తప్పు వేరే రకం: పాలిష్ చేసిన నల్ల గ్రానైట్. ఎండలో కాలుతుంది, చినుకు పడితే జారుతుంది. మంటతో గరుకు చేసిన బూడిద రంగు గ్రానైటో, లేత రంగు పేవర్లో వేయండి. వాలు నూటికి ఒకటిన్నర ఇస్తే నీరు నిలవదు, నడిచేవాళ్లకూ తెలియదు. వాటర్ పార్కయితే ఉత్త కాళ్లతో నడిచే దారంతా నీడలోనే ఉండాలి.

ప్రయాణం

ఫ్లోరిడాలో 1971 అక్టోబర్ 1న తెరిచిన డిస్నీ పార్కు మ్యాజిక్ కింగ్‌డమ్‌కు కారు దిగి నడిచి వెళ్లడం ఉండదు. పార్కింగు, టికెట్లు చెరువుకు ఇవతల. పడవ ఎక్కో మోనోరైలు ఎక్కో అవతలికి వెళ్లాలి. నీటి మీదుగా 189 అడుగుల కోట కొంచెం కొంచెంగా పెరుగుతూ కనిపిస్తుంది. మన రామోజీ ఫిల్మ్ సిటీలోనూ టికెట్ తీసుకున్నాక బస్సే లోపలికి తీసుకెళ్తుంది. బయటి హైవేకీ లోపలి లోకానికీ మధ్య ఆ బస్సు ప్రయాణమే తెర.

నాలుగింటిలోనూ మనసుకు పట్టేది ఇదే, నిర్వహణలో చంపేదీ ఇదే. 40 సీట్ల బస్సు ఎక్కించి, దించి, తిరిగి రావడానికి 15 నిమిషాలు పడితే గంటకు 160 మందిని చేరవేస్తుంది. గంటకు 2,400 మంది వస్తే 15 బస్సులు కావాలి. పొద్దున జనం విడతలుగా వస్తారు కాబట్టి ఎలాగో నడుస్తుంది. మూసే వేళకు అందరూ ఒక్కసారే వస్తారు. అలసిన పిల్లలతో ముప్పావుగంట బస్సు కోసం నిలబడ్డ కుటుంబం పగలంతా చూసిన ముచ్చట్లు మర్చిపోతుంది. పార్కింగుకూ గేటుకూ దూరం 400 మీటర్ల లోపైతే బస్సు జోలికి పోకండి, నీడ ఉన్న నడక దారి మేలు. కిలోమీటరు దాటితే, లేదా కొండ, చెరువు అడ్డుంటే అప్పుడు బస్సు. పెట్టాక ఆ ప్రయాణ సమయాన్ని వాడుకోండి. చేతికి బ్యాండు కట్టడం, ఎత్తు తక్కువ పిల్లలకు ఏ రైడ్లు కుదరవో చెప్పడం, మ్యాపు ఇవ్వడం బస్సులోనే అయిపోతే లోపల క్యూ ఒకటి తగ్గుతుంది.

వాకిలి మీదే హోటల్ కట్టడం అయిదో రకం అనుకోవచ్చు. ప్యారిస్‌లో ఉంది. 2001 సెప్టెంబర్ 4న తెరిచిన టోక్యో డిస్నీసీలో హోటల్ మిరకోస్టా కింది నుంచి నడిచి వెళ్తే ఎదురుగా రేవు, అగ్నిపర్వతం ఒక్కసారిగా విచ్చుకుంటాయి. రిసార్టు కట్టేవాళ్లు తప్ప మిగతావాళ్లు దీని గురించి ఆలోచించే పని లేదు.

ఏది ఎంచుకున్నా తప్పని లెక్క

సెలవు రోజు 6,000 మంది వస్తారనుకుందాం. అందులో నూటికి నలభై మంది ఒకే గంటలో వస్తారని పెట్టుకుంటే గంటకు 2,400, నిమిషానికి 40. గేటులో స్కాన్ చేసి పంపడానికి మనిషికి 8 సెకన్లు పడితే ఒక గేటు నిమిషానికి ఏడున్నర మందిని పంపుతుంది, కాబట్టి ఆరు గేట్లు, వీల్‌చైర్లకూ పిల్లల బండ్లకూ 900 మిల్లీమీటర్లకు తగ్గని వెడల్పుతో ఇంకొకటి. ముగ్గురిలో ఒకరి దగ్గర బ్యాగుంటే నిమిషానికి 13 బ్యాగులు. ఒక్కోదానికి 20 సెకన్లయితే అయిదు తనిఖీ బల్లలు. సగం మంది ఆన్‌లైన్‌లో టికెట్ కొన్నా మిగతా సగానికి, నలుగురి కుటుంబానికి 90 సెకన్ల చొప్పున, ఎనిమిది కౌంటర్లు కావాలి.

ఎక్కువ పార్కులు గేట్లు సరిగానే పెడతాయి, కౌంటర్ల దగ్గర పొదుపు చేస్తాయి. ఎనిమిదికి బదులు ఆరు తెరిస్తే నిమిషానికి 20 మంది వస్తుంటే 16 మందే కదులుతారు. గంట తిరిగేసరికి 240 మంది వరస, ఆఖరివాడికి పావుగంట. ఆ వరస ఎండలో నిలబడితే మీ ఆర్చిని వాళ్లు తిట్టుకుంటూ చూస్తారు. పది నిమిషాల రాకకు సరిపడా, అంటే 400 మందికి మనిషికో చదరపు మీటరు చొప్పున దాదాపు 480 చదరపు గజాల నీడ గేటు బయటే ఉండాలి.

కౌంటర్ దగ్గర 90 సెకన్లు నాలుగు నిమిషాలవడానికి మన దగ్గర మామూలు కారణాలు రెండు. వాటర్ పార్కుల్లో నైలాన్ దుస్తులు తప్పనిసరన్న సంగతి కౌంటర్లో తెలుస్తుంది, అక్కడ ఇంటిల్లిపాదీ చర్చ మొదలవుతుంది. నమూనా దుస్తుల్ని, ధరల్ని వరస మొదట్లోనే వేలాడదీయండి. రెండోది పులిహోర డబ్బా. బయటి తిండి లోపలికి రానివ్వమని బ్యాగు తెరిచాక చెబితే గొడవే. పార్కింగులో కారు దిగే చోట బోర్డు పెట్టి, తనిఖీకి ముందే నాలుగు బల్లలు, కుళాయి, చెట్టు నీడ ఇస్తే కూర్చుని తినేసి వస్తారు. ఆ చిన్న ఏర్పాటుకు వచ్చే మంచిపేరు పెద్ద ఫౌంటెన్‌కు రాదు.

భద్రత సంగతి క్లుప్తంగా: కరెంటు పోతే టర్న్‌స్టైళ్లు (ఒక్కొక్కరినే పంపే తిరుగుడు గేట్లు) తెరుచుకునే రకమై ఉండాలి. బయటికి పోయే దారి లోపలికి వచ్చే దారితో కలవకూడదు. ర్యాంపు వాలు 12కు 1 దాటకూడదు. ఆర్చి కట్టి తీరాలనుకుంటే దాని కింద 4.5 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల ఎత్తు ఖాళీ వదలండి, లేదా ఫైరింజనుకు వేరే గేటు పెట్టండి. ఆర్చికి తగిలించిన దండలు, ఎల్‌ఈడీ బోర్డులు ఆ అయిదు మీటర్లలోకి దిగితే కాగితం మీది కొలతకు విలువ లేదు.

ఎవరికి ఏది

పదెకరాల లోపు పార్కుకు వీధి వద్దు, స్థలమంతా ముంగిలికే పోతుంది. ఎఫ్టెలింగ్ తరహా గుర్తుపట్టే కప్పు, దాని వెనక చిన్న చౌక్, చౌక్‌లో పెద్ద చెట్టు. రావి, మర్రి తరహావి కూడా నీడనిచ్చేంత ఎదగడానికి కొన్నేళ్లు పడుతుంది కాబట్టి గేటు పని మొదలవడానికి రెండేళ్ల ముందే నాటాలి. వాటర్ పార్కుకు కప్పే, కానీ పొట్టిది. వచ్చినవాళ్ల ధ్యాసంతా నీళ్ల మీదే ఉంటుంది కాబట్టి గేటుకూ లాకర్లకూ మధ్య అంగడి పెట్టి ఆపకండి, అంగడిని వెళ్లే దారిలో పెట్టండి.

యాభై ఎకరాలు దాటి, నిజంగా చూడదగ్గ పెద్ద కట్టడం ఒకటి ఉంటే వీధి. అంగళ్ల వెనక కప్పు నడవాలు తప్పనిసరి. కట్టడం లేకుండా వీధి కడితే అది దేనికీ చేరని వీధి అవుతుంది, ఆ డబ్బు చౌక్‌లో పెట్టడం మేలు. కోస్తా తీరంలో పెద్ద కప్పుకు ఇంజనీరింగ్ ఖర్చు ఎక్కువ. అక్కడ చిన్న చిన్న కప్పులు విడివిడిగా, మధ్యలో చెట్లతో వేస్తే గాలికి ఒకటి పోయినా మిగతావి నిలబడతాయి. ఊరికి దూరంగా, గుట్ట మీదో చెరువు అవతలో ఉంటే ప్రయాణం, అదీ సాయంత్రపు రద్దీకి బస్సుల లెక్క తేలాకే.

డబ్బు సరిపోనప్పుడు కోసే క్రమం కూడా చెప్పుకుందాం: మొదట ఎల్‌ఈడీ తెరలు, తర్వాత ఫౌంటెన్, తర్వాత ఆర్చి. నీడ, టాయిలెట్లు, నేల, నీటి కాలువ, కౌంటర్ల సంఖ్య వీటి జోలికి పోవద్దు.

కాంక్రీటు పోసే ముందు ఒక పని చేయండి. స్థలంలో సున్నంతో గేట్లు, కౌంటర్లు, నడక దారి, ఫొటో జాగా గీయించండి. పెద్ద కట్టడం ఎత్తున ఒక వెదురు గడకు గుడ్డ కట్టి నిలబెట్టండి. ఏప్రిల్లో ఒక ఆదివారం పదకొండు గంటలకు ఎవరిదైనా కుటుంబాన్ని, ముసలివాళ్లు, చంటిబిడ్డ, రెండు బ్యాగులతో సహా పార్కింగు చోటు నుంచి నడిపించండి. గడియారం పట్టుకుని వెనక నడవండి. వాళ్లు ఎక్కడ ఆగారో, ఎక్కడ కళ్లు చిట్లించారో, ఎక్కడ 'ఎటు?' అని అడిగారో, గుడ్డ మొదట ఎక్కడ కనపడిందో నేల మీద రాళ్లు పెట్టి గుర్తు పెట్టుకోండి. ఆర్కిటెక్టును ఆ రాళ్ల దగ్గరికి తీసుకొచ్చి మాట్లాడండి.